నలభై ఐదు దాటాక రోజుకు ఎన్ని కేలరీలు? ఐదు లెక్కల్లో మీకు సరిపోయేది ఏది?

హనుమకొండలో ఒక 52 ఏళ్ల గృహిణి ఉన్నారనుకుందాం. ఆమె ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, రోజులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడుస్తుంది. బరువు తగ్గడానికి రోజుకు ఎన్ని కేలరీలు తినాలని ఆమె వెతికితే, ఫోన్‌లోని యాప్ 1,200 అంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో, కూర్చుని పనిచేసే స్త్రీకి 1,660 అని ఉంటుంది. సూత్రంతో లెక్క కట్టి అందులోంచి 500 తీసేస్తే, ఆమె తనను తాను ‘కదలని మనిషి’ అనుకున్నప్పుడు 970, ‘కొంచెం కదిలే మనిషి’ అనుకున్నప్పుడు 1,190 వస్తుంది. మనిషి ఒక్కరే, అంకెలు మాత్రం నాలుగు. వీటిలో చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడా దాదాపు 700 కేలరీలు, అంటే రెండు పూటల అన్నం.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో ఇక్కడ వివరిస్తాను. నేను వైద్యురాలిని కాను. నా వయసు 54, కూర్చుని చేసే ఉద్యోగం, కింద చెప్పే ఐదు పద్ధతుల్లో మూడింటిని నా మీదే ప్రయోగించి చూసుకున్నాను. అందుకని నా మొగ్గు ఎటువైపో దాచను. కానీ ఆ మొగ్గు అందరికీ వర్తించదు. ఎవరికి వర్తించదో కూడా చెబుతాను.

వయసు మీద నెపం ఎంతవరకు

‘నలభై దాటితే ఒంట్లో మంట చల్లారుతుంది, గాలి పీల్చినా లావవుతాం’ అన్న మాట మన దగ్గర అందరి నోటా వినిపిస్తుంది. 2021లో 29 దేశాలకు చెందిన ఆరు వేల మందికి పైగా మనుషుల శక్తి వ్యయాన్ని కొలిచి ప్రచురించిన ఒక పెద్ద పరిశోధన మరో సంగతి చెప్పింది. కొవ్వును మినహాయించి, మిగిలిన శరీర భారానికి సరిచూస్తే, 20 నుంచి 60 ఏళ్ల వరకు శరీరం ఖర్చుచేసే శక్తి ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది; తగ్గుదల 60 తరువాతే మొదలవుతుంది, అది కూడా ఏడాదికి ఒక శాతం లోపే.

అయితే నలభై ఐదు దాటాక నడుము ఎందుకు పెరుగుతుంది? కారణం పైమాటలోనే ఉంది: ‘కొవ్వును మినహాయించి మిగిలిన భారం’. ముప్ఫైల నుంచే కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కరుగుతూ వస్తుంది. నడక తగ్గుతుంది, పిల్లల వెంట పరుగులు ఆగిపోతాయి, స్కూటర్ లేనిదే వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా పోము. స్త్రీలలో నెలసరి ఆగిపోయే కాలంలో, అంటే మన దేశంలో సగటున 46–47 ఏళ్ల ప్రాంతంలో, కొవ్వు తుంటి నుంచి పొట్టకు స్థానం మార్చుకుంటుంది. ఇన్ని జరుగుతున్నా వంటింట్లో కొలగ్లాసు మాత్రం ముప్ఫై ఏళ్ల నాటిదే.

కాబట్టి మధ్యవయసులో కేలరీల లక్ష్యం ఎంచుకునేటప్పుడు, ఎంత వేగంగా తగ్గుతామన్నదాని కన్నా ఆ తగ్గే బరువులో కండ ఎంత పోతుందన్నది ముందు చూడాలి. వ్యాయామం, ప్రొటీన్ పట్టించుకోకుండా కేవలం తిండి తగ్గిస్తే, పోయిన బరువులో సుమారు నాలుగో వంతు కండే ఉంటుంది. ఇరవై ఐదేళ్ల వయసులో పోయిన కండ తిరిగి రావచ్చు. యాభై అయిదులో పోయింది తిరిగి రావడం కష్టం. బరువు మళ్లీ పెరిగినప్పుడు కొవ్వు రూపంలోనే ఎక్కువగా పెరుగుతుంది.

దేనితో తూచాలి

ఏ లక్ష్యాన్నైనా నేను నాలుగు ప్రశ్నలతో పరీక్షిస్తాను. ఆ కేలరీల లోపలే రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అమరుతుందా? పెద్ద వయసువారు శరీర బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు తీసుకోవాలని నిపుణులు చెబుతున్నారు. సాధారణ పెద్దలకు మన జాతీయ సిఫారసైన 0.83 గ్రాముల కన్నా ఇది ఎక్కువ. లెక్కలో తప్పు దొర్లితే నష్టం ఎంత? అన్నం, పప్పు, పులుసు వండే ఇంట్లో, ఒకే గిన్నెలో నలుగురికి వండే చోట, ఆ లక్ష్యాన్ని ఆరు నెలలు నడపగలమా? చివరిగా, వేసుకుంటున్న మందులతో అది పొసగుతుందా?

వీటికన్నా ముందు, అసలు బరువు తగ్గడం అవసరమా అని చూసుకోవాలి. మన దేశస్థులకు బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత స్త్రీకి 80, పురుషుడికి 90 సెంటీమీటర్లు మించకూడదు. పై ఉదాహరణలోని గృహిణి బీఎంఐ 28 దాటింది కాబట్టి ఆమెకు ప్రయోజనం ఉంటుంది. ఉన్న బరువులో 5 శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా రక్తపోటులో, చక్కెరలో మార్పు కనిపించే అవకాశం ఎక్కువ.

మొదటిది: అందరికీ ఒకటే అంకె, 1,200

స్త్రీకి 1,200, పురుషుడికి 1,500 అన్నవి నిజానికి లక్ష్యాలు కావు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇంతకన్నా కిందికి దిగొద్దని చెప్పే నేలగీతలు. అడుగున గీసిన ఆ గీతనే యాప్‌లు, చేతిరాత డైట్ చీటీలు గమ్యంగా మార్చేశాయి.

52 ఏట నేను చేసింది అదే. ఆగస్టు మొదట్లో 71 కిలోలతో మొదలుపెట్టి ఏడు వారాల్లో 66.5కు దిగాను. మొదటి పది రోజుల్లోనే రెండున్నర కిలోలు పోయేసరికి ఇంత తేలికా అనిపించింది. అందులో చాలా భాగం నీరని తరువాత తెలిసింది. ఐదో వారానికి మొదటి అంతస్తులోని ఆఫీసుకు మెట్లెక్కితే తొడలు వణికేవి. నీళ్లు నిండిన బకెట్టును బాత్రూమ్ గడప దాటించడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. తరువాత బతుకమ్మ వచ్చింది. తొమ్మిది రోజుల సత్తుపిండి, మలీద ముద్దలు, సద్దుల నాటి పెరుగన్నం, చింతపండు పులిహోర అయ్యాక 1,200 అన్న మాట మళ్లీ తలపెట్టలేదు. సంక్రాంతి సకినాలు డబ్బాలోకి ఎక్కేనాటికి నా బరువు 72.

ఇది ఎవరికీ పనికిరాదని అనను. ఎత్తు 150 సెంటీమీటర్ల లోపు ఉండి, ఎక్కువ కదలని, తిండిని గ్రాముల్లో తూచుకునే ఓపిక ఉన్న స్త్రీకి 1,200–1,250 తన అసలు లెక్కకు దగ్గరగానే ఉండవచ్చు. కానీ అన్నం ప్రధానంగా ఉన్న మన కంచంలో 1,200 లోపల ప్రొటీన్, కాల్షియం, ఇనుము, బీ12 అన్నీ ఇరికించాలంటే ప్రతి పూటా ముందే గీసిపెట్టుకోవాలి. అంత శ్రద్ధ నెలల తరబడి నిలవదు.

రెండవది: సూత్రం కట్టి, 500 తీసేయడం

ఇప్పుడు ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం. బరువును కిలోల్లో తీసుకుని 10తో, ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. చివరగా పురుషుడైతే 5 కలపాలి, స్త్రీ అయితే 161 తీసేయాలి. పడుకుని కదలకుండా ఉన్నా శరీరం ఖర్చుచేసే శక్తి ఇది. మన గృహిణికి 680, 969 కలిపి, అందులోంచి 260, 161 తీసేస్తే సుమారు 1,230 వస్తుంది. కదలికను బట్టి దీన్ని 1.2, 1.375, 1.55 వంటి గుణకాలతో హెచ్చిస్తే రోజు మొత్తం ఖర్చు తెలుస్తుంది.

తిరకాసు ఆ గుణకంలోనే ఉంది. 1.2 వేస్తే 1,475, 1.375 వేస్తే 1,690. ఈ రెండింటి మధ్య 215 కేలరీల తేడా. మనం తగ్గించబోయేదే మూడు వందలైతే, అందులో మూడింట రెండు వంతులు ‘నేను కొంచెం కదులుతాను’ అనే నమ్మకం మీదే ఆధారపడిందన్నమాట. పైగా ఇది పాశ్చాత్యుల శరీరాలను కొలిచి కట్టిన సూత్రం. ఒకే బీఎంఐ దగ్గర మనవాళ్లలో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ. అందువల్ల ఇటువంటి సూత్రాలు మనకు కొంచెం ఎక్కువగా చూపించే అవకాశం ఉంది.

రెండో తిరకాసు 500 అన్న అంకె. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలున్నాయి కాబట్టి రోజుకు 500 తగ్గిస్తే వారానికి దాదాపు అర కిలో తగ్గుతామన్నది పాత లెక్క. ఆరడుగుల, 95 కిలోల మనిషికి 500 పెద్ద విషయం కాదు. మన గృహిణికి అది తిండిలో మూడో వంతు. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుందన్న సంగతిని సైతం ఆ పాత లెక్క పట్టించుకోలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2011లో ఇచ్చిన సవరణ దీనికన్నా నమ్మదగినది. దాని ప్రకారం రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే బరువు చివరికి ఒక కిలో తగ్గుతుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు అంతా మూడేళ్లలో. అంటే రోజుకు 240 తగ్గించినవారికి మొదటి ఏడాది తగ్గేది సుమారు 5 కిలోలు. పాత లెక్క ఇదే తగ్గింపుకు 11 కిలోలు చూపిస్తుంది. ఆరో నెలలో బరువు ఆగిపోయిందని బెంగపెట్టుకునే వారిలో చాలామంది ఆ 11 కిలోల అంచనాతో బయలుదేరినవారే.

సూత్రం వాడాలనుకుంటే తక్కువ గుణకం పెట్టి, 500కు బదులు 15–20 శాతం తీసేయడం మంచిది. పొడగరి పురుషులకు, అంకెలతో అలవాటున్న ఉద్యోగులకు ఇది బాగానే నడుస్తుంది. 1,660 సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: ఆ పట్టిక 19–39 ఏళ్ల, 55 కిలోల ఆదర్శ స్త్రీని దృష్టిలో పెట్టుకుని, బరువు నిలుపుకోవడానికి ఇచ్చింది. పురుషుడికి ఇచ్చిన 2,110 కూడా 65 కిలోల యువకుడి లెక్క. యాభై దాటి బరువు తగ్గాలనుకునేవారి కోసం వాటిని రాయలేదు.

మూడవది: మన వంటింటి లెక్క మీద 15–20 శాతం తగ్గింపు

నా మొగ్గు దీనివైపే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉంటే, మీరిప్పుడు తింటున్నదే మీ శరీరం ఖర్చు. ఏ సూత్రమూ అక్కర్లేదు. రెండు వారాలు ఏమీ మార్చకుండా తింటున్నదాన్ని కొలిచి, అందులో అయిదో వంతుకు మించకుండా తీసేయాలి.

మనుషులు తాము తిన్నది తక్కువగా రాసుకుంటారని అందరికీ తెలిసిందే. 1992లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, ఎంత డైటింగ్ చేసినా తగ్గడం లేదన్న వ్యక్తులు అసలు తిన్నదానికన్నా సగటున 47 శాతం తక్కువ చెప్పారు. అందుకే నేను కంచం దగ్గర కొలవను, సామాను దగ్గర కొలుస్తాను. పొయ్యి పక్కనున్న నూనె డబ్బాకు మొహమాటం తెలియదు. మా ఇంట్లో ఇద్దరమే, నెలకు రెండు లీటర్ల నూనె అయ్యేది. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు, గ్రాముకు 9 కేలరీలు. అంటే మనిషికి రోజుకు 30 గ్రాములు, దాదాపు 270 కేలరీలు. తాళింపులో చుయ్యిమని ఎగిరిపోతున్నట్టు కనిపించే నూనె ఎక్కడికీ పోదు, కూరలోనే ఉంటుంది.

బియ్యం కూడా అంతే. మా స్టీలు గ్లాసును వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే, తలగొట్టిన గ్లాసుకు 190 గ్రాముల బియ్యం తూగింది. అది ఉడికాక 540 గ్రాముల అన్నమైంది. బియ్యం 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు కాబట్టి గ్లాసుకు 665. వండిన అన్నం 100 గ్రాములకు 125 దగ్గర. గిన్నె మారినా, దొడ్డు బియ్యమో సన్న బియ్యమో మారినా ఒకసారి తూస్తే సరిపోతుంది. చాయ్ దగ్గర నాకు ఆశ్చర్యం కలిగింది. రెండు చెంచాల చక్కెర, సగం పాలు పోసిన ఒక కప్పు 75 కేలరీలు. ఆఫీసులో, ఇంట్లో కలిపి రోజుకు నాలుగు కప్పులంటే 300.

ఈ పద్ధతిలో నాకు అన్నింటికన్నా నచ్చిన గుణం వేరే ఉంది. రాసుకున్న మొత్తంలో తప్పు ఉన్నా పద్ధతి చెడదు. రోజుకు 1,700 తింటున్నానని రాసుకున్నదానిలో 200 మరిచిపోయి ఉండవచ్చు. కానీ నూనె 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తే పోయేవి నిజంగా 90 కేలరీలే. నాలుగు చాయ్‌లు రెండు చేస్తే 150. రాత్రి అన్నంలో గుప్పెడు బియ్యం, అంటే 30 గ్రాములు తగ్గిస్తే 105. ఈ 345లోంచి ఒక ఉడికించిన గుడ్డుకు 75 తిరిగి ఇచ్చేస్తే, మిగిలే లోటు 270. ఆ రోజు నేను ఏ అంకె రాసుకున్నా ఈ 270 నిజం.

లోటుపాట్లు లేకపోలేదు. రోజూ బయట తినేవారు, హాస్టల్ మెస్సులో లేదా క్యాంటీన్‌లో భోంచేసేవారు నూనె డబ్బాను తూచలేరు. బరువు ఇంకా పెరుగుతూనే ఉన్నవారు ఇప్పటి తిండిని ‘నిలకడ’గా తీసుకోకూడదు. ఓపిక కూడా కావాలి. వారానికి పావు కిలో నుంచి అర కిలో మించి తగ్గదు. ఇరుగుపొరుగు గుర్తించేసరికి మూడు నెలలు పడుతుంది.

నాల్గవది: వారానికి ఒక లెక్క

రోజు లెక్కను వారానికి పరిచే పద్ధతి ఇది. రోజుకు 1,400 అంటే వారానికి 9,800. ఆరు రోజులు 1,300 తిని, ఆదివారం మటన్‌కు 2,000 వదులుకున్నా మొత్తం అంతే. బంధువర్గం పెద్దదై, దావత్ లేని నెల ఉండని ఇళ్లకు ఇది ఊపిరాడనిస్తుంది. జమ్మి పెట్టుకున్న దసరా రాత్రి కంచం ముందు కూర్చుని లెక్కలు వేసే మనిషిని చూసి చుట్టాలు నవ్వడమే కాదు, నొచ్చుకుంటారు కూడా.

ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు 500–600 కేలరీలతో సరిపెట్టుకునే పద్ధతి, రోజులో ఎనిమిది గంటల లోపలే తినే పద్ధతి దీని చుట్టాలే. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాదిపాటు చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, కేలరీలు తగ్గించినవారికీ, అవే కేలరీలను ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపల తిన్నవారికీ బరువులో గణనీయమైన తేడా రాలేదు. గడియారం సహాయపడేది రాత్రి తొమ్మిది తరువాత టీవీ ముందు మిక్చర్ డబ్బా తెరవకుండా ఆపినంతవరకే. శనివారం, ఏకాదశి ఒక్కపొద్దులు అలవాటున్నవారికి ఇది సులువు. కానీ ఒక్కపొద్దు సాయంత్రం ఉప్మా, అరటిపండ్లు, పాయసంతో ముగిస్తే లోటు మిగలదు. ఉపవాసం రోజున కూడా మాత్రలు వేసుకునే మధుమేహులు దీని జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు.

ఐదవది: 800 కేలరీల కఠిన ఆహారం

స్కాట్లండ్, ఇంగ్లండ్‌లలో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనంలో మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825–853 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది గడిచాక 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో నిలిచింది. అది చదివి ఇంట్లో మొదలుపెట్టేవారు రెండు సంగతులు గమనించాలి. అక్కడ మధుమేహం, రక్తపోటు మందులను మొదటి రోజే వైద్యులు ఆపించారు. ఇన్సులిన్ వాడుతున్నవారిని అసలు చేర్చుకోలేదు. త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు కూడా ఉంది. కొత్తగా మధుమేహం బయటపడిన అధిక బరువు వ్యక్తికి, రక్తపరీక్షలు చూసే వైద్యుడు వెంట ఉంటే, ఇది నిజంగా ఆలోచించదగ్గ మార్గం. మిగిలినవారికి కాదు.

| పద్ధతి | పై గృహిణికి వచ్చే అంకె | ప్రొటీన్ అమరిక | లెక్క తప్పితే | ఆరు నెలలు నడుస్తుందా |
|---|---|---|---|---|
| ఒకటే అంకె | 1,200 | ఇరుకు | కండ పోతుంది | కష్టం |
| సూత్రం, 500 తీసివేత | 970–1,190 | చాలా ఇరుకు | గుణకంతో మొత్తం తారుమారు | కష్టం |
| సూత్రం, 15–20 శాతం తీసివేత | సుమారు 1,200–1,430 | పర్వాలేదు | నాలుగు వారాల్లో సరిదిద్దవచ్చు | నడుస్తుంది |
| వంటింటి లెక్క | సుమారు 1,350–1,450 | సులువు | పెద్ద నష్టం లేదు | బాగా నడుస్తుంది |
| వారం లెక్క | వారానికి 9,500–10,000 | సులువు | ఆదివారం అదుపు తప్పవచ్చు | మనిషిని బట్టి |
| కఠిన ఆహారం | 800 ప్రాంతం | ప్రత్యేక ఆహారంతోనే | ప్రమాదం | వైద్యుల దగ్గర మాత్రమే |

ఎవరికి ఏది

నెలసరి ఆగుతున్న దశలో ఉండి, ఇంటి వంట తమ చేతిలోనే ఉన్న స్త్రీలకు వంటింటి లెక్కను మించింది లేదు. వారానికి రెండుసార్లు కండకు పనిచెప్పే కసరత్తు కూడా జోడించాలి. జిమ్ అక్కర్లేదు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, రెండు నీళ్ల సీసాలు పట్టుకుని భుజాల మీదికి ఎత్తడం చాలు. భద్రకాళి చెరువు కట్ట మీద, వడ్డేపల్లి చెరువు దగ్గర పొద్దున్నే కనిపించే గుంపుల్లో నడిచేవారే తప్ప బరువెత్తేవారు కానరారు. నడక గుండెకు మంచిది, కానీ తొడల కండను నిలబెట్టడానికి అదొక్కటే చాలదు.

ఆఫీసులో కూర్చునే, పొట్ట ముందుకొచ్చిన పురుషులకు సూత్రం కట్టి 15–20 శాతం తీసేసే లెక్క బాగా కుదురుతుంది. 57 ఏళ్ల, 168 సెంటీమీటర్ల, 78 కిలోల వ్యక్తికి తక్కువ గుణకంతో రోజు ఖర్చు సుమారు 1,860 వస్తే, లక్ష్యం 1,500–1,580. వీరిలో చాలామందికి లెక్క తప్పేది భోజనంలో కాదు. సాయంత్రపు మిర్చి బజ్జీలో, ఆదివారపు మందులో, దాని పక్కన వేయించిన పల్లీల్లో. మద్యంలోని ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు, దాదాపు నూనెకు దగ్గర. చేతి గడియారం ‘ఈ రోజు 400 ఖర్చయ్యాయి’ అని చూపించినా దాన్ని తిరిగి తినకూడదు. 70 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 35–40 కేలరీలే.

పత్తి చేనులోనో, వరి పొలంలోనో పనిచేసేవారికి, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలెత్తేవారికి పై అంకెలేవీ వర్తించవు. పని ఉన్న నెలల్లో వారి ఖర్చు కూర్చునేవారికన్నా వందల కేలరీలు ఎక్కువ. వారు పని రోజుల్లో తిండి తగ్గించకుండా, పని లేని ఎండాకాలంలో అన్నాన్ని ఒక వంతు తగ్గిస్తే చాలు.

మధుమేహానికి గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి అన్నం తగ్గించిన వారంలోనే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. లక్ష్యం ఏదైనా, మొదలుపెట్టేముందే మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. రక్తపోటు మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే అది నీరసం కాదు, మోతాదు ఎక్కువైందన్న సూచన కావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ప్రొటీన్ పెంచే మాట సొంతంగా తలపెట్టొద్దు.

65 దాటి, బరువు మామూలుగానే ఉండి, పొట్ట మాత్రమే ఉన్నవారికి కేలరీల లక్ష్యం అసలు వద్దంటాను. వారికి ప్రొటీన్, కసరత్తు చాలు. అనుకోకుండా బరువు తగ్గుతున్నవారు సంతోషించకుండా పరీక్ష చేయించుకోవాలి.

శాకాహారులకు 60 గ్రాముల ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. రోజుకు 200 గ్రాముల బియ్యంలో 14, రెండు గుప్పెళ్ల పప్పు లేదా పెసర్లలో (60 గ్రాములు) 14, గ్లాసు పెరుగు, కొన్ని పాలలో 9, సోయా ముక్కలు 30 గ్రాములకు 15, పల్లీలు 20 గ్రాములకు 5. మొత్తం 57. అన్నం కొంత తీసి జొన్నరొట్టె పెడితే కేలరీలు పెద్దగా తగ్గవని కూడా గుర్తుంచుకోవాలి. జొన్నపిండి, బియ్యం గ్రాముకు ఇంచుమించు సమానమే. రొట్టె మేలు చేసేది పీచుతో, నెమ్మదిగా నమలవలసి రావడంతో, రెండో రొట్టెకే కడుపు నిండడంతో. మాంసాహారులకు బాధ తక్కువ. మన చెరువుల్లో దొరికే బొచ్చె, రవ్వ వంటి చేప 100 గ్రాములకు 17–18 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. వేపుడు కాకుండా పులుసు పెడితే నూనె కూడా కలిసొస్తుంది.

మొదలుపెట్టాక

ఏ పద్ధతిలో వచ్చిన అంకె అయినా మొదటి నాలుగు వారాలకు అది అంచనా మాత్రమే. వారానికి మూడు రోజులు, పొద్దున లేవగానే, ఏమీ తాగకముందు తూచి, మూడింటి సగటు రాసుకోవాలి. మామిడికాయ తొక్కుతో దావత్ తిన్న మరునాడు త్రాసు కిలో ఎక్కువ చూపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కొవ్వు కాదు. నాలుగు వారాల సగటులో వారానికి పావు కిలో కూడా దిగకపోతే 100 కేలరీలు తగ్గించవచ్చు. రెండో వారం దాటాక కూడా వారానికి ముప్పావు కిలోకు మించి దిగుతుంటే, లేదా మెట్ల దగ్గర కాళ్లు బరువెక్కితే, 100–150 కలపాలి. త్రాసుతో పాటు నడుము టేపు కూడా పెట్టుకోవడం మంచిది. కసరత్తు చేస్తున్నవారికి త్రాసు నిలిచినా టేపు దిగుతుంది.

ఒకే గిన్నెలో ఇద్దరికి వండే ఇంట్లో ఇద్దరి లక్ష్యాలు వేరైతే ఏం చేయాలన్నది మా ఇంట్లో నెల రోజుల వాదన. మా వారికి 1,750, నాకు 1,400 తేలింది. రెండు కూరలు వండడం నాకు ఇష్టం లేదు, చప్పిడి కూర తినడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి కూర, పప్పు, చారు ఇద్దరికీ ఒకటే, నూనె తగ్గించినది. తేడా అంతా అన్నంలోనే పెట్టుకున్నాం: రోజుకు వంద గ్రాముల బియ్యం, వండాక ఆయన కంచంలో రెండు పూటలా ఒక్కో పెద్ద గరిటె ఎక్కువ.

అలా 72 నుంచి 66కు రావడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ తరువాత మూడు నెలలు త్రాసు కదల్లేదు. సూత్రం మళ్లీ కట్టి చూస్తే కారణం తెలిసింది. ఆరు కిలోల భారం తగ్గిన శరీరం రోజుకు 80 కేలరీలు తక్కువ ఖర్చుచేస్తోంది. అంటే ఒక కప్పు చాయ్. ఇంకో రెండు కిలోలు దిగాలంటే ఆ కప్పు వదులుకోవాలి, ఇక్కడే నిలవాలనుకుంటే ఇప్పుడు తింటున్నది తింటే చాలు. మిగిలిన రెండు కప్పుల్లో ఒకటి పొద్దున్నే పేపరుతో, ఇంకొకటి మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో. రెండింటిలో దేన్నీ వదల్లేదు. 66 దగ్గరే ఉన్నాను.